ఎర్ర లైటు, భీమిలి ప్రయాణం

సింహాచలం కొండమీద మామగారి కొత్త కారుకు పూజ అయింది. కొత్త దంపతులిద్దరే భీమిలి వెళ్లాలని కారెక్కారు.

"ఆగు బావా! ఆ ఎర్ర లైటేటి?"

"ఏటో, అందంగానే వెలుగుతన్నాది. పద."

"అది బ్రేకు లైటు. కారుతో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివేను. బ్రేకు ఆయిలైనా తగ్గుండాలి, హేండ్ బ్రేకైనా పడుండాలి. ఇలాగ కొండ దిగకూడదు."

"హేండ్ బ్రేకు దించీసేను కదే. ఉండు, బానెట్ ఎత్తి చూస్తాను... ఆయిలు నిండుగానే ఉంది."

"అయితే నాన్నకి ఫోన్ చేద్దాం."

"మావయ్యకా? వెంటనే డ్రైవర్ని పంపుతారు. భీమిలిలో మనిద్దరి మధ్యా అతనే కూర్చుంటాడు."

"కూర్చోనీ. బ్రేకుల్లేకుండా నాను మాత్రం రాను."

"ఒక్క నిమిషం. ఈ హేండ్ బ్రేకు పూర్తిగా దిగట్లేదేటి? కింద ఏదో మెత్తగా తగులుతోంది."

"అయ్యో, పులిహోర పొట్లం! ప్రసాదం కాళ్ల దగ్గర పెట్టకూడదని అక్కడ దూర్చేను."

"తియ్యవే తల్లీ!"

"తీసేను. ఇప్పుడు దించు... ఆరిపోయింది! బావా, లైటు ఆరిపోయింది!"

"పుస్తకంలో పులిహోర సంగతి రాయలేదా?"

"వెక్కిరించకు. ముందు బ్రేకు తొక్కి చూడు."

"తొక్కేను. బాగానే పడతంది. ఇంక డ్రైవరక్కర్లేదు. ఏదీ, ఓ ముద్ద పెట్టు."

"నీకు చేతుల్లేవా?"

"రెండూ స్టీరింగు మీదున్నాయి."

"కారింకా కదల్లేదు కదా!"

"కదిలితే పెట్టవని తెలిసే, ఇంకా కదపలేదు."