మూడు రోజులు తెగని దారం

మా కుట్టుమిషను ఉన్న వరండాకీ పెద్దమ్మ టీ కొట్టుకీ మధ్య అడ్డం నడుమెత్తు రేకు ఒకటి మాత్రమే. అందుకని కండె బాబాయి కోసే కోతలన్నీ నా చెవిలోంచే పోవాలి. నేను దర్జీని. నేను కోసే బట్టకి కొలత ఉంటుంది, ఆయన కోసే కోతలకి కొలతా లేదు, అంచూ లేదు.

కండె బాబాయి ఎదురుగా ఉన్న నూలు మిల్లులో ముప్పయ్యేళ్లకి పైగా పనిచేశాడు. మనిషి అచ్చం దారం చుట్టే కండెలా సన్నగా, నిటారుగా ఉంటాడు, ఆ పేరు అలా వచ్చింది. టీ కొట్టు పెద్దమ్మ ఆయనకి వదిన, పోయిన అన్నగారి భార్య. ఆవిడా ఆ మిల్లులోనే పనిచేసింది. మిల్లు మూతపడి పన్నెండేళ్లయింది. ఇప్పుడు దాన్ని పత్తి మ్యూజియం చేస్తున్నారు. ఆ పని మీదే ఒకమ్మాయి చేతిలో రికార్డరూ నోటుబుక్కూ పట్టుకుని, మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా కొట్టులోకి వచ్చి కూర్చుంది.

"తాతగారూ, లోపల దారం వడికే పాత రింగు ఫ్రేము ఒకటి తుడిపించి పెట్టాం. దాని పక్క గోడ మీద ఒక్క ఫొటోకే చోటుంది. నోటీసు బోర్డు వెనకాల ఒక కాగితం దొరికింది. మూడు రోజులు సన్న దారం తీసి మిల్లుని నిలబెట్టాడని మీ పేరు రాసుంది. ఆ కథ మీ నోట వినాలి. అక్కడ పెట్టే ఫొటో మీదే."

బాబాయి తువ్వాలు ఒక్కసారి దులిపి భుజాన వేసుకున్నాడు. నేను పెడలు మీంచి కాలు తీశాను. ఇక ఈ పూట బట్ట ముందుకి కదలదని నాకు తెలుసు.

"తాతగారేంటమ్మా, బాబాయ్ అను, నోరు తిరుగుతుంది. పెద్ద గొప్పేం కాదులే. ఏదో చేశాం. అప్పట్లో పాలిస్టరు కొత్తగా దిగింది. ఉతికి దులిపితే చాలు, ఇస్త్రీ కూడా అక్కర్లేదంటే జనం ఎగబడ్డారు. మా నూలు గోదాములో పడి మూలుగుతోంది. ఏకు మేకవడం అంటారే, నిన్నగాక మొన్నొచ్చిన ఆ గాజు దారం మా నెత్తికెక్కి కూర్చుంది. సగం మందిని ఇంటికి పంపేద్దామని పైవాళ్లు లిస్టు కూడా రాసేశారు. అలాంటప్పుడు ఒక పెద్ద బట్టల వ్యాపారి వచ్చాడు. నూట ఇరవై నంబరు నూలు మూడు రోజులు ఏకధాటిగా తీసి చూపించండి, నచ్చితే ఏడాది పొడుగునా మీ దగ్గరే కొంటానన్నాడు. నంబరంటే తెలుసా నీకు? నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. మనం వేసుకునే చొక్కా నలభై, యాభై. నూట ఇరవై అంటే వెంట్రుక కూడా దాని ముందు మోకులా ఉంటుంది. ఫ్రేముకి నాలుగు వందల కండెలు. అన్నీ గిర్రున తిరుగుతుంటాయి, ఎక్కడో ఒక పోగు తెగుతుంది. తెగిన పోగుని తిరిగే కండె మీదే, ఫ్రేము ఆపకుండా, రెండు వేళ్లతో అతకాలి. మిగతావాళ్లు అతికేసరికి ఇంకో నాలుగు తెగేవి. నేను కన్ను మూసి తెరిచేలోపు అతికేవాణ్ణి."

"అబ్బ!" అంది అమ్మాయి.

అదే పొరపాటు. బాబాయి దగ్గర 'అబ్బ' అనకూడదు.

"అది మొదటి గంటలో సంగతమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవి కుదిరింది. నాలుగు వందల కండెల రొదలో ఏది తెగబోతోందో దాని ఏడుపు వేరే వినబడేది. తెగకముందే వెళ్లి అతికేసేవాణ్ణి."

"తెగకముందే అతకడం ఏంటి బాబాయ్?" అన్నాను రేకు ఇవతల నుంచి.

"నువ్వు బట్ట చిరక్కముందే కుట్టట్లా? ఇదీ అంతే. మధ్యలో మాట్లాడకు, పోగు తెగుతుంది. రెండో రోజుకి ఏమైందంటే, ఫ్రేముకి నా చెయ్యి అలవాటైపోయింది. నూట ఇరవై పెట్టి తీస్తుంటే దారం దానంతటదే నూట యాభైకి జారింది. సరే, పోనీ అనుకున్నా. రెండొందలు, మూడొందలు, ఐదొందలు. నంబర్లు రాసే పలక మీద చోటు అయిపోయి గోడ మీద రాశారు. అప్పటికి దారం కంటికి కనబడటం మానేసింది. ఉందో లేదో తెలియాలంటే కనురెప్ప వెంట్రుకలకి తగిలించి చూసుకోవాలి. మా సెక్షను మూల ఒక సాలెపురుగు ఉండేది, పాపం, ముప్పై తరాల నుంచి వాళ్లది అదే వృత్తి. అది దిగొచ్చి, నా దారం కాలితో తడిమి, మళ్లీ పైకెళ్లి, గూడు చుట్టుకుని సంకన పెట్టుకుని, పెళ్లాం పిల్లలతో సహా గేటు దాటి వెళ్లిపోయింది."

పెద్దమ్మ గ్లాసులు కడుగుతూ, "సాలెపురుగుకి సంక ఎక్కడుంటుంది మరిదీ?" అంది.

"ఎనిమిది కాళ్లున్నదానికి నాలుగైనా ఉండవా వదినా! ఇంకో టీ పొయ్యి. ఎక్కడున్నాం? ఆఁ, పొడుగు. పిడికెడు దూది వడికితే ఎంత దారం వచ్చిందో కొలుద్దామన్నాడు ఆ వ్యాపారి. ఒక కొస మిల్లు గేటుకి కట్టాం. రెండో కొస ఆయన చేతికిచ్చి రైలెక్కించాం. పొద్దున ఎక్కాడు, సాయంత్రానికి ఓడరేవు చేరాడు, దారం అవ్వలేదు. ఓడెక్కాడు. అయినా అవ్వలేదు. మూడో వారం ఉత్తరం రాశాడు: 'అయ్యా, ఇక్కడ మంచు పడుతోంది, దారం ఇంకా వస్తూనే ఉంది, నన్ను వెనక్కి లాగండి' అని. మేం పదిమందిమి గేటు దగ్గర నిలబడి లాగితే, ఓడతో సహా వచ్చాడు."

"దారం తెగలేదా?" అంది అమ్మాయి. పాపం, ఆ పిల్ల ఇంకా రాసుకుంటోంది.

"నా దారమా? తెగడమా? సరే, ఆ దారంతో బట్ట నేయించి ఫ్యాషన్లు చేసేవాళ్లకి పార్సిలు పంపాం. వారం తిరక్కుండా కోపంగా జవాబొచ్చింది, 'డబ్బా పంపారు, బట్ట పెట్టడం మరిచారు' అని. నేను రాశాను, 'పెట్టాం. డబ్బా తెరిచేటప్పుడు ఎవరూ తుమ్మొద్దు' అని. నా మాట వింటే ఆ మనుషులు మనుషులెందుకవుతారు! ఎవడో తుమ్మాడు. ఎనభై మీటర్ల గుడ్డ కిటికీలోంచి లేచిపోయింది. ఊరు ఊరంతా మూడు రోజులు మెడలెత్తుకుని తిరిగారు. చివరికి దొరికిన దాంతో ఒకావిడకి గౌను కుట్టారు, కుచ్చిళ్లే రెండొందలు. ఆవిడ అది వేసుకుని తూకం మిషను ఎక్కితే, వేసుకోకముందు కన్నా రెండు కిలోలు తక్కువ తూగింది. ఇక చూసుకో! లావుగా ఉన్నవాళ్లంతా మా మిల్లు గేటు ముందు వరస."

నేను నవ్వాపుకోలేక సూది నోట్లోంచి తీసి పక్కన పెట్టాను, మింగేస్తానని భయమేసి.

"నవ్వకయ్యా దర్జీ. అది చూసి పాలిస్టరు వాడు పందేనికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఎండలో, మిల్లు ముందు వాడు వాడి చొక్కాతో, నేను నా చొక్కాతో నిలబడాలి. పావుగంటకి వాడి చొక్కా కారిపోయి కాళ్ల దగ్గర మడుగు కట్టింది, కాలరొక్కటే మెడకి మిగిలింది. నా చొక్కా పోగుల సందుల్లోంచి వీచిన గాలికి పక్కన నిలబడ్డ సూపర్‌వైజరుకి జలుబు చేసి నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజు! అసలు కథ మూడో రోజుది. పొద్దున్నే దూది అయిపోయింది. బేళ్లన్నీ ఖాళీ. ఇంకా ఎనిమిది గంటలు ఫ్రేము నడవాలి. అందరూ తల పట్టుకు కూర్చున్నారు. నేను బయటికొచ్చి పైకి చూశాను. మిల్లు మీద ఒక మబ్బు నిలబడి ఉంది. తెల్లగా, మెత్తగా, మొదటి రకం. దారానికి ముడేసి విసిరాను. తగులుకుంది. లాక్కొచ్చాను. కిటికీలోంచి లోపలికి దూర్చి, లోపలున్న నాలుగు ఉరుములూ గింజల్లా ఏరి పక్కన పడేసి, మెరుపుల్ని చెత్తతో పాటు ఊడ్పించి, ఏకి, వడికేశాను. ఒక్కటే చిక్కు. ఆ నూలుతో కుట్టిన చొక్కాలు వానాకాలంలో ఆరేవి కావు, వాటిలోంచే వాన పడేది."

అమ్మాయి మెల్లగా రికార్డరు ఆపేసింది. ఆ చిన్న శబ్దానికి బాబాయి మొహంలో గాలి కొంచెం తగ్గింది.

"బాబాయ్ గారూ, వినడానికి చాలా బాగుంది. కానీ గోడ మీద మబ్బు గురించి రాస్తే నన్ను ఇంటికి పంపేస్తారు. ఒక్క నిజమైన ముక్క చాలు నాకు. మొదటి రోజు పొద్దున ఫ్రేము దగ్గరికి వెళ్లగానే మీకు ఎదురైన ఇబ్బంది ఏంటి?"

ఇంత తేలిక ప్రశ్నకి బాబాయి నీళ్లు నమిలాడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చాడు. "ఇబ్బందంటే... ఇబ్బందులు నా దగ్గరికి రావాలంటే..." అని ఆగిపోయాడు. పొయ్యి మీద పాలు పొంగాయి.

"చివర కిటికీ అద్దం పగిలింది," అంది పెద్దమ్మ, పాలగిన్నె దించుతూ. "అందులోంచి పొడిగాలి కొట్టి ఆ చివరి ముప్పై కండెల మీద పోగులు టపటపా తెగాయి. నూలుకి తడి ఉండాలి తల్లీ, పొడిగాలి తగిలితే పెళుసైపోతుంది. గోనెపట్టా తడిపి కిటికీకి కట్టాక గానీ ఆగలేదు. గంటగంటకీ దాని మీద నీళ్లు చిలకరించాల్సొచ్చింది."

అమ్మాయి రికార్డరు మళ్లీ నొక్కింది. "మీకెలా తెలుసమ్మా?"

"కట్టింది నేను గనక."

నేను రేకు దాటి కొట్టులోకి వచ్చేశాను. కండె బాబాయి కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"మా మరిదికి సరిగ్గా ముందు రోజు పన్ను నొప్పి పట్టుకుంది," అంది పెద్దమ్మ. "చెంప బంతిలా వాచి, ఒళ్లు కాలిపోతూ మంచం మీద పడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక నోరు తెరవని రోజులు ఈయనకి ఆ మూడే. ఆ నంబరు తీయడం సెక్షన్లో ఇంకెవరికీ చేతకాదు. నాకు వచ్చు. అప్పటికే పోయిన మా ఆయన ఆ పని ముందు నాకే చాటుగా నేర్పాడు, తర్వాత తమ్ముడికి. కానీ ఆడవాళ్లని ఫ్రేముల దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, నూలు చుట్టే గదితోనే సరి. ఈ మనిషి రాకపోతే మిల్లు పోయేలా ఉంది. నేను నా పనికి సెలవు పెట్టి, ఈయన చొక్కా, ఫ్యాంటు, టోపీ వేసుకున్నాను. దూది ధూళికి అందరూ ముక్కుకి గుడ్డ కట్టేవాళ్లే గదా, నేనూ కట్టాను. బుగ్గలో దూదుండ పెట్టుకున్నాను. పన్ను నొప్పి మనిషిని ఎవరు పలకరిస్తారు? సూపర్‌వైజరు వెనక నిలబడి అందరికీ నన్ను చూపించాడు. 'చూడండ్రా, ఈ మనిషి నోరు మూసుకుంటే ఎంత పని జరుగుతుందో' అని."

అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనైతే బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"తెగలేదా అంటే, ఎందుకు తెగలేదు? లెక్కలేనన్ని తెగాయి. అన్నీ అతికాను. వేళ్లు కోసుకుపోయి వారం దాకా అన్నం కలుపుకోలేకపోయాను. ఆర్డరొచ్చింది, లిస్టు చింపేశారు. నడిపింది ఎవరని అడిగితే 'నేనే' అనమని ఈయనకి నేనే చెప్పాను. నిజం తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని. నేను చెప్పమన్నది ఒక్క అబద్ధం తల్లీ. దాన్ని ఈయన వడికి, వడికి, ముప్పయ్యేళ్లు తీశాడు."

బాబాయి తలెత్తాడు. గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "మొదట్లో నీ కోసమే వదినా. ఎవడికి అనుమానమొచ్చినా మాట మళ్లించాలని కాస్త పెంచి చెప్పేవాణ్ణి. ఎంత పెంచితే అంత నవ్వి ఊరుకునేవాళ్లు, ఎవడూ లోపలికి తవ్వేవాడు కాదు. తర్వాత తర్వాత... వినేవాళ్లు నవ్వుతుంటే ఆపబుద్ధి కాలేదు."

"తెలుసులే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఇప్పుడు మిల్లుకే తాళం పడింది, నన్నెవరు తీసేస్తారు?"

అమ్మాయి కెమెరా తీసింది. "అమ్మా, ఆ ఫ్రేము దగ్గర నిలబడతారా? గోడ మీద పెట్టేది మీ ఫొటో."

పెద్దమ్మ చేతులు తుడుచుకుంది. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు తుడుచుకుంది. "నా పేరు కూడా వేస్తారా?" అంది చిన్నగా. వేస్తామంది ఆ పిల్ల. పెద్దమ్మ పొయ్యి ఆర్పేసింది. కొట్టు తెరిచి ఉండగా ఆవిడ పొయ్యి ఆర్పడం నేను చూడటం అదే మొదలు.

గొడుగు తెచ్చి వదినగారి మీద పట్టింది బాబాయే. నాలుగడుగులు వేశాక ఆయనకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. "అమ్మాయ్, ఫొటో వదినదే, కాదనను. కానీ కింద ఒక్క లైను రాయి. ఆవిడ వేసుకున్న చొక్కా నాది!"

నాకేం పూనిందో తెలీదు. కొట్టులోంచి వానలోకి దూకి వాళ్ల వెనకే పరిగెత్తాను. "ఆ చొక్కా కుట్టింది మా నాన్న! అది కూడా రాయండమ్మా! కొలతలు తీసుకోకుండా, మనిషిని దూరం నుంచి ఒక్క చూపు చూసి, ఒకే ఒక్క కత్తెర వేటుతో రెండు చేతులూ కాలరూ..."

పెద్దమ్మ గొడుగు కింద నుంచి వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"అది రెడీమేడు చొక్కా, నాయనా," అంది.