గోడ గడియారం డెలివరీ అయిన విధం

“పెద్ద గొప్పేం కాదులేవోయ్. ఒక పార్సెల్ చేరకపోతే నేనే వెళ్లి చేర్చొచ్చాను, అంతే,” అన్నాడు గడియారాల మామ, టీకొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటూ. పాత గోడ గడియారాలు బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మడం ఆయన వ్యాపారం. ఆయన ‘పెద్ద గొప్పేం కాదు’ అన్నాడంటే ఇక తీరిగ్గా వినాల్సిందేనని అక్కడ అందరికీ తెలుసు.

“ఒకావిడ నా దగ్గర గడియారం కొంది. టేకు చెక్కది, గంట కొడితే గుండె ఝల్లుమనాలి. పసిపిల్లని చుట్టినట్టు దూదిలో చుట్టి పంపాను. కొన్నాళ్లకి ఫోన్‌లో మెసేజీ: డెలివరీ కాలేదు, ఇల్లు తాళం. మర్నాడూ అదే. ఆవిడేమో వస్తువు రాలేదు, అమ్మినవాడు మోసగాడు అని కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. మోసగాడట, నేను! వాళ్లు నా ఆన్‌లైన్ దుకాణం మూసేస్తామన్నారు.”

“అమ్మేవాళ్లకి సెల్లర్ ప్రొటెక్షన్ అని ఏదో ఉంటుందిగా మామా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“ఉంటుంది అల్లుడూ, ఎందుకుండదు? సరుకు చేరిందని రుజువు చూపించినవాడికి ఉంటుంది. చేరితే నాకు రక్షణెందుకు, చేరకేగా ఏడుపు! ఆ మాటే అడిగితే కస్టమర్ కేర్ అమ్మాయి ‘మీ ఇబ్బంది మాకు అర్థమైంది సార్’ అని ఫోన్‌లో పాట పెట్టి వెళ్లిపోయింది. ఇక లాభం లేదని నేనే వాళ్ల గోడౌన్‌కి వెళ్లాను. ఎంత గోడౌన్ అనుకున్నారు? ఈ చివర పొద్దున తుమ్మితే ఆ చివర మధ్యాహ్నం వినపడుతుంది. కొండల్లా పెట్టెలు. అందులో నాది ఏదని వెతకడం? చెవి రిక్కించాను. టిక్కు, టిక్కు! నేను బాగుచేసిన గడియారం గొంతు నాకు తెలీదూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పు అన్నయ్యా,” అంది టీకొట్టు అక్క, టీ వడగడుతూ.

“నేను చేరేలోపు పెట్టెని లారీ ఎక్కించేశారు. వెనకాలే పరుగు తీశాను. చెప్పులరిగిపోయి పట్టీలే మిగిలాయి. డ్రైవరు అద్దంలో నన్ను చూసి హడలిపోయి ఇంకా తొక్కాడు. నాకూ పట్టుదలొచ్చింది. లారీని దాటేసి ఎంత దూరం పోయానంటే, మళ్లీ వెనక్కి నడిచి రావాల్సొచ్చింది!”

“మొన్న మోకాళ్ల నొప్పులని మా మేడ మెట్లు ఎక్కలేదుగా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“మెట్లు వేరు, పరువు వేరు! పెట్టె లాక్కుని కొండెక్కాను. అక్కడ పట్టింది చూడు గాలి! గడియారంతో సహా నన్ను లేపేసింది. చెట్టు కొమ్మకి తగులుకున్న గడియారాన్ని పట్టుకుని వేలాడుతూ నేనే లోలకమైపోయాను. నేనటు ఊగితే తెల్లారింది, ఇటు ఊగితే పొద్దుగూకింది. ఊళ్లవాళ్లు నన్ను చూసే పనుల్లోకి వెళ్లారు!”

ఎలక్ట్రీషియన్‌కి టీ పొలమారింది. అప్పుడే ఒక డెలివరీ అతను బండాపి, హెల్మెట్ తీసి, పెద్ద పెట్టె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మామ ఆగలేదు.

“చివరి ఊపుకి ఎగిరి ఆవిడ గుమ్మంలో పడ్డాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కంపెనీ ఛైర్మన్ పరిగెత్తుకొచ్చి, ‘అయ్యా, ఈ సెల్లర్‌కి ప్రొటెక్షన్ ఏమిటండీ, ఈ సెల్లర్ నుంచి మాకే ప్రొటెక్షన్ కావాలి’ అని చేతులు పట్టుకున్నాడు!”

“సార్, ఇక్కడున్నారని పక్కింటివాళ్లు చెప్పారు,” అన్నాడు డెలివరీ అతను. “రోజూ మీ తలుపు కొట్టి కొట్టి పోతున్నా. ఎప్పుడూ తాళమే. మీ గడియారం, తీసుకోండి.”

“నాకెందుకయ్యా? నేను పంపిందే అది!”

“పంపినవారి అడ్రసు మీదే. అందాల్సిన చోట కూడా మీ అడ్రసే రాశారు సార్.”

మామ కళ్లజోడు పెట్టుకుని పెట్టె మీద చీటీ చదివాడు. టీకొట్టంతా ఘొల్లుమంది.

“అదీ... వీళ్లు సరిగ్గా చదువుతారో లేదోనని పరీక్ష పెట్టా,” అన్నాడు. పెట్టె నిమురుతూ, “అయితే పాపం, ఆవిడ నిజంగానే ఎదురుచూస్తోందన్నమాట,” అన్నాడు నెమ్మదిగా.

“అసలు ఎవరికి పంపాలి సార్?”

“ఎవరో టైలరమ్మ. నీలం తలుపు షాపు అని గుర్తు కూడా రాసింది. అదెక్కడో ఏమో!”

“ఎక్కడో ఏంటి సార్? అదిగో, ఆ మలుపులో! నేనటు వెళ్లినప్పుడల్లా ‘నా గడియారం వచ్చిందా బాబూ’ అని అడుగుతుంది.”

మామ పెట్టె రెండు చేతులా ఎత్తుకుని బయల్దేరాడు. అందరూ టీలు పట్టుకుని రోడ్డు మీదికొచ్చి చూశారు. నీలం తలుపు తెరుచుకుంది. మామ తలొంచుకుని ఏదో అన్నాడు. టైలరమ్మ పెట్టె అందుకుని, నవ్వి, లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

కాసేపటికి కిటికీలోంచి మామ చేతులు కనిపించాయి. అటూ ఇటూ ఊగుతున్నాయి.

“ఆవిడ ఇవాళ బట్టలు కుట్టినట్టే!” అంది టీకొట్టు అక్క.