మా అక్క పేరు

పిల్లకి మా అక్క పేరు పెడతానంటావా? ఉండవే, తొందరేం? మీ అమ్మమ్మ పేరేగా, ఎక్కడికీ పోదు. ముందా చేప తిరగెయ్యి. అక్క పోయాక ఇన్నేళ్లూ ఆ పేరు ఎవ్వరం పైకి అనలేదు. పోయినవాళ్లని పేరుపెట్టి పిలిస్తే వాళ్లకి నెమ్మది ఉండదు, నీకూ తెలుసు. అసలు బతికుండగానే ఒకసారి మూసిపెట్టాం ఆ పేరుని, అది విన్నావా?

యుద్ధమప్పుడులే. నాకు ఆరేళ్లు, అక్కకి తొమ్మిది. అక్క నాన్న తెల్లోడు కదా, తెల్లోళ్లకి పుట్టిన మన పిల్లల్ని సర్కారు మన దగ్గర ఉండనిచ్చేది కాదు, అందుకని యుద్ధానికి ముందే అమ్మ దగ్గర్నుంచి లాక్కుపోయి పాద్రీల మిషన్‌లో పడేశారు. ఆదివారాలు అమ్మ కంచె బయట కూచుని చూసొచ్చేది. అవతల డార్విన్ పట్నం మీద బాంబులు పడ్డాయి, మిషన్ పిల్లల్ని పడవెక్కించి దక్షిణానికి పంపేశారు. అమ్మకి ఒక్క మాట చెప్పలేదు, పాపిష్టోళ్లు! తర్వాత ఎవడో వచ్చి ఆ పడవ మునిగిందన్నాడు. అంతే. అమ్మ తల బాదుకుని ఏడ్చింది, అక్క దయ్యం తిరిగి రాకుండా గుడిసె చుట్టూ ఆకుల పొగ వేశారు, పేరు ఆపేశారు. మా చిన్నమ్మదీ అదే పేరు, మిషన్ దొరసాని ఇద్దరికీ ఒకటే తగిలించింది. పాపం, నాలుగేళ్లు పెద్దవాళ్లంతా ఆవిణ్ణి "ఒసే, ఏమే" అనే పిలిచారు. "నేనింకా చావలేదర్రా!" అని తిట్టేది.

యుద్ధం అయిపోయింది. ఒక మధ్యాహ్నం అక్క పడవ దిగింది చూడూ, కాళ్లకి బూట్లు, రెండు జడలు, మన మాట సగం మర్చిపోయింది. "అమ్మా" అంది. అందరం వెనక్కి! దయ్యమనుకున్నాం. నేనైతే చిన్నమ్మ వెనకాల దూరాను. "అమ్మా, నన్ను పేరుపెట్టి పిలవ్వేం?" అంటుంది. అమ్మ నోరు తెరవదు. పిలిచాక అది దయ్యమైతే? మళ్లీ పోగొట్టుకోవాలి కదే. ఎండ మండిపోతోంది, అక్క ఆ బూట్లలో ఉడికిపోతోంది. అమ్మ మెల్లగా వెళ్లి మెడ దగ్గర వాసన చూసింది. "చెమట! దయ్యానికి చెమట పడుతుందర్రా?" అని తన చంకలో చెయ్యి పెట్టి, ఆ చెమట అక్క మొహానికీ చేతులకీ పులిమింది, ఈ నేల మళ్లీ గుర్తుపట్టాలని. అప్పుడు పిలిచింది పేరుపెట్టి, అవతలి ఒడ్డుదాకా వినబడేలా. అక్క "ఆఁ" అంది. మా చిన్నమ్మ కూడా "ఆఁ" అంది! "నా పేరు నాకొచ్చింది!" అని ఇసకలో ఒకటే గంతులు. నవ్వలేక చచ్చాం.

ఆ తర్వాత అక్క బూట్లు తొడగ్గా నేను చూళ్లేదు. నలుగుర్ని కంది, పీతలు పట్టింది, అమ్మతో రోజూ పోట్లాడింది. హాయిగా బతికిందమ్మా.

పెద్దాళ్లం నిన్న కూచుని మాట్లాడుకున్నాంలే. అక్క పోయి పన్నెండేళ్లయింది, పేరు మూసింది ఇక చాలనుకున్నాం. ఏదీ, పిల్లనిలా ఇయ్యి. ముందు నా చెమట రాయనీ... ఊఁ, ఏడవకు తల్లీ, ఏడవకు.

డెల్మా.

ఒసే డెల్మా! చూశావా, ఎలా చూస్తోందో... నీకెందుకే కన్నీళ్లు? చేప మాడుతోంది, దాన్ని చూడు.