మీ తాతయ్య ఎడమకాలు

ఆ రికార్డు అట్ట మీదున్నది మీ తాతయ్యేనే అమ్మడూ, ఇంకెవరనుకున్నావ్? ఇలా ఇవ్వు. చూశావా, మొహం కంటే పాదం పెద్దగా వేశారు! జాజ్ ఆర్గాన్ అంటే ఈయనదే, ఆ కాలు ఉందే, కాలు అంటే అదీ అని జనం ఒకటే చెప్పుకునేవారు. నేను మాత్రం ఆ బొమ్మ కనపడకుండా ఇప్పటికీ అట్ట బోర్లా పెట్టేస్తాను.

ఎందుకేమిటి? కూర్చో చెప్తా. మొదట్లో ఈయనది పియానో. రోజూ సాయంత్రం హోటల్ హాల్లో వాయించేవారు. పక్కనే మా మరిది, అదే, మీ చిన్నతాతయ్య, గుమ్మంటూ కింది స్వరాలు పలికే నిలువెత్తు బేస్ ఫిడేలు పట్టుకుని నిలబడేవాడు. ఇద్దరూ అందుకుంటే వెయిటర్లు కూడా ట్రేలతో అలా ఆగిపోయేవారంటే నమ్ము. మరిది అంతకుముందు తాగి తాగి రోడ్డున పడితే, రెక్కపట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ ఫిడేలు చేతికొచ్చాకే మానేశాడు. హమ్మయ్య అనుకునేలోపే హోటల్ యజమాని పియానో లాంటిదే, ఆర్గాన్ అని ఒకటి కొన్నాడు. దానికి కింద కూడా చెక్క మెట్లుంటాయి, ఎడమకాలితో తొక్కితే బేస్ ఫిడేలు పలికేదంతా అదే పలికేస్తుంది. "ఇంకేం, నువ్వొక్కడివే చాలు, నీ తమ్ముణ్ణి మానిపించెయ్" అన్నాడా మహానుభావుడు. ఈయన ఠక్కున, "నా ఎడమ మోకాలు పనిచెయ్యదండీ" అనేశారు. అని ఊరుకుంటే సరా? ఆ రోజు నుంచీ కుంటుడు! హోటల్లో, బజార్లో, ఇంట్లో తమ్ముడి ముందు కూడా. ఓసారి కుక్క వెంటపడితే గేటు దాకా పరిగెత్తుకొచ్చి, అప్పుడు గుర్తొచ్చి కుంటడం మొదలెట్టారు! నవ్వుతావేం? సంగతి తెలిస్తే మరిది పని పోతుంది, వాడు మళ్ళీ సీసా పట్టుకుంటాడు. ఏళ్ళ తరబడి నాకదే బెంగ.

మరి అంత జాగ్రత్తపడ్డ మనిషికి ఆ మెట్ల మీద మోజు చావలేదే! పొద్దున్నే ఖాళీ హాల్లో తలుపులు దగ్గరికేసుకుని తొక్కేవారు. ఒకరోజు మరిది మర్చిపోయిన కోటు కోసం వెళ్తే లోపల బేస్ వినిపించిందట. తన బదులు ఇంకెవర్నో పెట్టుకున్నారనుకున్నాడు పాపం. తలుపు తోసి చూస్తే అన్న ఒక్కడే, కళ్ళు మూసుకుని వాయించుకుంటున్నాడు. చప్పుడు చెయ్యకుండా వచ్చేశాడు.

ఆ సాయంత్రం హాలు నిండా జనం, నేనూ ఉన్నా. మరిది ఫిడేలు గోడకి ఆనించి, "మా అన్నయ్య కాలు నిక్షేపంలా ఉందండీ" అన్నాడు యజమానితో, అందరికీ వినపడేలా. ఆర్గాన్ ముందు కూర్చున్న ఈయన తలెత్తలేదు. మరిది వచ్చి ఈయన ముందు గొంతుక్కూర్చుని, ఎడమకాలి బూటు విప్పి, పాదం తీసి మెట్టు మీద పెట్టాడు. "వాయించన్నయ్యా, నా కోసం కుంటింది చాలు" అనేసి బయటికెళ్ళిపోయాడు.

తాగలేదే, ఒట్టు. పియానోలు బాగుచేసే కొట్లో చేరాడు, మళ్ళీ చుక్క ముట్టలేదు. ఈయన నమ్మితేనా! ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఎంత పేరొచ్చింది! చప్పట్లు ఆగకముందే నాకు ఫోను. "వాడెలా ఉన్నాడే? తూలుతున్నాడా?" లేదండీ, ఇక్కడే భోంచేస్తున్నాడంటే, "ఏదీ, గొంతు వినిపించు" అనేవారు. మాట తడబడుతుందేమోనని వినడం! ఆఖర్న మంచంలో ఉన్నప్పుడూ అంతే. మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నారు. మరిది పక్కనే కూర్చుని కాళ్ళు పడుతున్నాడు. అతన్నే చూస్తూ, "ఏమండీ, మా తమ్ముడు మళ్ళీ తాగుతున్నాడా?" అనడిగారు. "లేదండీ, తాగట్లేదండీ" అన్నాడు మరిది.

అండీ అన్నాడే, సొంత అన్నని.

ఆ కిటికీ వెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది.