నిలవని ఫోర్ వీల్ లివరు

"తాతా, సీపురుపల్లిలో పాత ఫోర్ వీల్ బండొకటి బేరానికొచ్చింది. తీసుకోనా?"

ఆగు, ఆగు నాయనా. ఆ కుర్సీ ఇటు లాగు... ఒద్దులే, నిలబడే సెప్తాను, కూకుంటే కుదురు లేదు నాకు. దాన్ని నడిపి సూసేవా? ఎక్కడ? తారు రోడ్డు మీదా? అదే, నాను సేసిన తప్పూ అదే.

నాలుగేళ్ల కిందటి మాట. కాదు, ఐదు. మీ మామ్మకి కళ్ల ఆపరేషనైన ఏడు. నలభయ్యేళ్లు ఊరోళ్ల బళ్లు తోలినోణ్ని కదా, సొంతానికొకటుండాలని కోరిక. కోటబొమ్మాళిలో కిరాణా షావుకారు జగ్గారావు పాత జీపు అమ్ముతన్నాడంటే ఎల్లేను. గేరు రాడ్డు పక్కన సిన్న లివరుంటాది సూడు, ముందు సక్రాలక్కూడా ఇంజను బలం ఇచ్చేది, "అది బాగుందా?" అనడిగేను. "ఫస్టు కళాసు మావా" అన్నాడు. మావా అన్నాడు కదా, నమ్మీసేను. ఇంజను సూసేను, కిందకి దూరి ఆయిలు కారతందేమో సూసేను. ఆ లివరు మాత్రం ఎయ్యలేదు. ఎండాకాలం, బురదెక్కడిది?

ఆ వానాకాలం ఓ పొద్దున్న ఫోను. జగ్గారావే, ఏడుపు గొంతు. "మావా, మా అమ్మాయికి నొప్పులొచ్చీసేయి. శ్రీముఖలింగం అవతల అత్తోరింట్లో ఉన్నాది. గెడ్డ పొంగిపోయింది, ఆంబులెన్సు ఇవతలే ఆగిపోయింది. నీ బండొక్కటే దాటుతాది."

అతన్నీ ఎక్కించుకుని ఎల్లేను. పోయినప్పుడు గెడ్డలో నీళ్లు మోకాలు దాకానే. పిల్లని ఎనక సీట్లో పడుకోబెట్టి తిరిగొచ్చేసరికి పెరిగిపోయేయి. లివరేసి దింపేను. సరిగ్గా నడిమధ్యన గర్రుమని మోత. లివరు దానంతటదే ఎగిరి న్యూట్రల్లో పడింది. ఇంజను అరుస్తంది, సక్రం తిరగదు. మళ్లీ ఏసేను, మళ్లీ ఎగిరింది. తలుపు కిందనుంచి నీళ్లు లోపలికొచ్చీస్తన్నాయి.

జగ్గారావు పక్కనుంచి మెల్లగా అన్నాడు, "నాకు తెలుసు మావా. బరువు పడితే అది నిలవదు. నీకు సెప్పలేదు. ఇయ్యేళకి దాటీస్తాదనుకున్నాను."

ఎనకాల ఆ పిల్ల "నాన్నా" అని అరుస్తంది. "అయితే నువ్వే పట్టుకో!" అన్నాను. రెండు సేతుల్తో లివరు పట్టుకుని, కాళ్లు ముందుకి తన్ని, ఒళ్లంతా ఏసి బిగించీసేడు. అది ఎగరాలని సూస్తంది, ఇతను ఒదల్డు. ప్రభువా, ప్రభువా అనుకుంటా రేసు తగ్గించకండా పోనిచ్చేను. ఒడ్డెక్కేక సూస్తే అతని అరిసేతులు తోలూడి నెత్తురు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు.

మర్నాడు జగ్గారావు నాతో షెడ్డుకొచ్చేడు. ట్రాన్స్‌ఫర్ కేసంటారే, ఆ పెట్టె విప్పితే, లివరు తోసే ఫోర్కు అరిగి రేకులాగైపోయున్నాది. కొత్తదేయించేం. అతని మీద కోపం కూడా పోయింది.

అసలు సంగతి అది కాదు నాయనా. పోయినేడు కళ్లు మసకలొచ్చి నాను బండమ్మీసేను కదా. కొన్నది దావీదని, కొండూళ్లకి బియ్యం తోలుకునే మనిషి. "బాబాయ్, ఫోర్ వీల్ బాగుందా?" అనడిగేడు. అప్పటికి నెల ముందే మళ్లీ ఆ గర్రుమనే మోత ఇన్నాను. ఎగరలేదు, మోతొక్కటే. "బాగుంది నాయనా" అనీసేను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఇప్పుడు మూడ్రోజులై కొండల మీద వాన. దావీదు ఆ బండేసుకుని ఏ గెడ్డలో దిగుతాడో.

నీ బండా? బురదలోకి దింపు, ఎత్తెక్కించు, నీ సేత్తోనే లివరేసి సూడు. అమ్మేవోడు ఎంత మంచోడైనా సరే. నాను మాత్రం సెడ్డోణ్నేటి?

ఇదిగో, ఫోను. దావీదు నెంబరు ఇందులోనే ఉన్నాది, నాకు అచ్చరాలు కనపడవు. కలిపియ్యి. రింగవుతన్నాదా? ఇటియ్యి, బేగి...

దావీదూ? నానురా, బాబాయిని. ఎక్కడున్నావు? ఇంటికాడేనా? అమ్మయ్య. ఒరే, బండి తియ్యకు. ముందు నా మాటిను, నీకో అబద్ధమాడేనురా...