అడిగే మాటకు బాధ్యత వహించిన డింఫ్నా గారు

1986 సెప్టెంబరు ఎనిమిదిన శ్రీమతి డింఫ్నా కియోహేన్ గారు ఐర్లండ్‌లో కార్క్ నగరంలోని మా అభిప్రాయ సేకరణ సంస్థలో, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఉద్యోగినిగా చేరారు. ఏళ్ళ తరబడి వానలో తడుస్తూ గడపలెక్కి, తరువాత ప్రశ్నలు రాసే విభాగానికి వచ్చి, చివరకు దానికే అధిపతి అయ్యారు. రాసిన ప్రతి ప్రశ్ననూ ముందు మాచేత పైకి చదివించేవారు. పెద్దవయసులో అక్షరాలు నేర్చిన నేను తడబడితే, తప్పు నాది కాదు, మాటదేనని ప్రశ్నలో ఆ మాటనే మార్చేవారు.

2009లో ఒక వృద్ధాశ్రమం మాకు పని అప్పగించింది. అక్కడి డోనల్, జెరీ అనే ఇద్దరు వృద్ధులు తమకు ఒకే గది కావాలని కోరారు. తోటివారు ఒప్పుకుంటేనే ఇస్తామన్న పాలకవర్గం, ప్రశ్నను కూడా తానే రాసి పంపింది: "స్వలింగ సంపర్కులకు ఒకే గది ఇవ్వడం మీకు సమ్మతమా?"

నేను వెళ్ళి అడిగాను. దాదాపు అందరూ వద్దన్నారు.

"సంపర్కమా! ఛీ, టీ తాగే వేళ ఇవేం మాటలే తల్లీ!" అని బ్రైడీ అనే పెద్దావిడ కసిరింది.

మర్నాడు డింఫ్నా గారు స్వయంగా వెళ్ళి, "జీవితమంతా ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు మగవాళ్ళు ఒకే గదిలో ఉంటామంటే మీకు అభ్యంతరమా?" అని అడిగారు.

"మన డోనల్, జెరీలేగా? ఉండనివ్వమ్మా! జెరీ గురక డోనలే భరించాలి గానీ, గోడవతల నేనెందుకు భరించడం?" అంది అదే బ్రైడీ.

ఈసారి వద్దన్నవారు కొద్దిమందే. పాలకవర్గం అధ్యక్షుడు చిరాకుపడ్డారు.

"రెండింటికీ అర్థం ఒకటేగా, డింఫ్నా గారూ?"

"ఒకటే అయితే జవాబెందుకు మారిందండీ? మీ మాట ఒకవైపు తోసింది, నాది ఇంకోవైపు తోసింది. మనం కొలిచింది మాటల్ని, మనుషుల్ని కాదు. రెండు జవాబులూ మీ ముందు పెడుతున్నాను. అసలు వాళ్ళు కలిసి ఉండటానికి పక్కగదుల ఓటెందుకు?"

గది ఇచ్చారు. రెండేళ్ళకు జెరీ గారు కన్నుమూశారు. సమాధి దగ్గర డోనల్ గారు డింఫ్నా గారి చెయ్యి పట్టుకుని అన్న మాటలు పక్కనే నిలబడి విన్నాను.

"పొద్దున్నే నర్సు వచ్చి, 'మీ ఆయన వెళ్ళిపోయారండీ' అంది. ఆ మాట నాతో అంతవరకూ ఎవరూ అనలేదమ్మా."

భర్తను పోగొట్టుకున్నదాన్ని కనుక ఆ మాట ఎంత దుఃఖమో, ఎంత గౌరవమో నాకు తెలుసు. ఒక మనిషికి ఆ గౌరవం దక్కేలా నిలబడి, నేడు ఉద్యోగ విరమణ చేస్తున్న డింఫ్నా గారు, తమవారి ఆప్యాయమైన పిలుపుల నడుమ, ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.