తడవని ఈగలు

సభాధ్యక్షులు వీరభద్రరావు గారికి, ముందు వరసలో ఓపికగా కూర్చున్న పెద్దలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా సమోసాల బల్ల వదలకుండా వెనకే నిలబడిన మిత్రులకు, ఫోన్‌లోంచి ఒక్కసారి తలెత్తి ఈవిడెవరా అని చూసిన పిల్లలకు, అందరికీ నమస్కారం.

వీరభద్రరావు గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఇన్నేళ్ళుగా పిస్కాటవేలో మన సంఘం తరఫున ఏ కల్యాణం జరిగినా, ఎవరింట్లో పెళ్ళయినా, ఉగాదికీ దసరాకీ దండలన్నీ నళిని గారే కట్టారని, మల్లెలు దొరకని ఊళ్ళో షాపు కార్నేషన్లతోనే హాలంతా మల్లెల వాసన తెప్పించారని అన్నారు. మొదటిది నిజమే. రెండోది ఆయన అభిమానం. షాపు కార్నేషన్‌కి ఏ వాసనా ఉండదని ఇక్కడ ముక్కున్న వాళ్ళందరికీ తెలుసు. (నవ్వులు) నేను ల్యాబ్ ఉద్యోగం నుంచి పోయిన నెల రిటైరయ్యాను, మావారు భాస్కర్ గారు అంతకు ముందే రిటైరయ్యారు, సోమవారం పొద్దున ఇంటి ముందుకి లారీ వస్తుంది, మేం ప్లేనోలో మా అమ్మాయి నిధి ఇంటి పక్కవీధికి మారిపోతున్నాం. ఇదంతా మీకు తెలిసిందే. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, సంతోషం. తెలిసిన సంగతులే మళ్ళీ చెప్పి మీ భోజనాలు ఆలస్యం చేయడం నాకిష్టం లేదు కాబట్టి తెలియనిది ఒకటి చెబుతాను. నేను దండలు కాక ఇంకొకటి కూడా కట్టాను. పదేళ్ళుగా ఈగలు కడుతున్నాను.

(ఎవరో "ఏం కట్టారూ?" అన్నారు.)

ఈగలండీ, పద్మనాభం గారూ. మీరు సరిగ్గానే విన్నారు.

మావారు శనివారం తెల్లవారుతూనే రారిటన్ నది సౌత్ బ్రాంచ్ మీదికి ట్రౌట్ చేపల కోసం వెళ్తారన్న విషయం మీలో కొందరికి తెలుసు. శారద గారూ, మీరు మొహం అలా పెట్టకండి, పట్టిన చేపని పట్టినట్టే నీళ్ళలో వదిలేస్తారు, మా ఇంటి గిన్నెల్లోకి చేప ఎప్పుడూ రాలేదు. ఈ ట్రౌట్ అనేది నీళ్ళ మీద తేలే పురుగుల్ని, ఈగల్ని తిని బతుకుతుంది. అందుకని ఒక చిన్న కొక్కానికి ఈకలు, వెంట్రుకలు, నెమలి ఈక పోగులు దారంతో చుట్టి, అచ్చం ఈగలా కనిపించేట్టు కట్టి, దాన్ని నీళ్ళ మీద తేలనిస్తారు. చేప నమ్మితే వస్తుంది, నమ్మకపోతే ఒకసారి చూసి పక్కకి తప్పుకుంటుంది. షాపులో కట్టినవి దొరుకుతాయి. కానీ ఈ విద్యలో పడ్డవాడికి ఎప్పటికైనా సొంతంగా కట్టుకోవాలని బుద్ధి పుడుతుందట, మావారికీ పుట్టింది. ఒక చలికాలం సరంజామా అంతా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచారు, కొక్కాన్ని బిగించే చిన్న వైస్‌తో సహా. ఆయన వేళ్ళు మీరు చూశారుగా, అరటిపళ్ళు ఒలవడానికి పనికొస్తాయి. దారం తెంపారు, ఈక విరిచారు, కొక్కెం బొటనవేలికి గుచ్చుకుని, ప్లాస్టర్ వేసుకుని వెళ్ళి పడుకున్నారు. నేను అదంతా సర్దుదామని కూర్చున్నాను. లేచేసరికి ఒకటి కట్టేశాను.

అది పొద్దున నీళ్ళ గిన్నెలో వేసి చూస్తే దూదిపింజలా విడిపోయింది. నాకు పౌరుషం వచ్చింది. ఇన్ని దండలు కట్టిన చెయ్యి, ఇన్ని పెళ్ళిళ్ళలో ఒక్క పువ్వు జారనివ్వని చెయ్యి, ఆఫ్టరాల్ ఒక ఈగ దగ్గర ఓడిపోవడమా! తర్వాత తెలిసింది, తప్పంతా ఆ దండలదే. మన ఆడవాళ్ళకి తెలుసు, పూలు కట్టేటప్పుడు ముడి బిగుతుగా ఉండాలి కానీ కాడ నలగకూడదు, కాడ నలిగితే పువ్వు మధ్యాహ్నానికే వాలిపోతుంది, అందుకని ముడి పడే క్షణంలో వేలు తనంతట తనే కొంచెం వదులుతుంది. ఎవరూ నేర్పరు, చిన్నప్పటి నుంచి కట్టీ కట్టీ వచ్చేస్తుంది. ఈగకి ఆ జాలి పనికిరాదు. దారం ఇంకొంచెం లాగితే తెగుతుందన్నంత బిగుతులో చుట్టాలి, ప్రతి చుట్టూ అలాగే ఉండాలి. నా వేలికి ఆ వదలడం మాన్పించడానికి ఒక చలికాలమంతా పట్టింది. ఆ చలికాలం తర్వాత వచ్చిన శ్రీరామనవమికి దండలో పూల తలలు తెగి పంతులు గారి ఒళ్ళో రాలాయి, గుర్తుందా? వాతావరణం అన్నారు మీరంతా. వాతావరణం కాదు, నేనే. (నవ్వులు)

ఇంకో సంగతి. మా ఫ్రీజర్‌లో కోడి ఉందని ఒకప్పుడు ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఎవరి ద్వారా పుట్టిందో చెప్పను, బిందుమాధవి అటు తిరిగి దగ్గుతోంది కాబట్టి చెప్పనక్కర్లేదు కూడా. (నవ్వులు) వ్రతానికి వచ్చింది, పానకంలోకి ఐస్ తీసుకుంటానని ఫ్రీజర్ తలుపు తెరిచింది, తీసినదాన్ని తీసినట్టే వేసేసి, "అక్కా, ఐస్ వద్దులే, చల్లగానే ఉంది" అంది. అది కోడి కాదు తల్లీ, కోడిపుంజు మెడ తోలు, ఈకలతో సహా అమ్ముతారు. కొత్తగా కొన్నదాంట్లో పురుగులేవైనా ఉంటే చావాలని కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో ఉంచుతారు. ఆ సంగతి అప్పుడే చెబుదామనుకున్నాను. కానీ ఆ తర్వాత రెండు నెలలు మా ఇంటికి భోజనానికి ఎవరూ రాలేదు, ప్రాణం హాయిగా ఉండి ఊరుకున్నాను.

సరే, అసలు విషయం. నేను కట్టేదాన్ని, ఆయన శనివారం తీసుకెళ్ళేవారు. ఆయన నది దగ్గర ఉండే సమయానికి నేను గుడి హాల్లో దండలతో ఉండేదాన్ని, అందుకని నేనెప్పుడూ నదికి వెళ్ళలేదు. సాయంత్రం ఆయన రాగానే అడిగేదాన్ని.

"పడ్డాయా?"

"రెండు."

"నేను కట్టినదానికేనా?"

"ఊఁ."

"రెక్క ఎక్కువైందా?"

"కొంచెం."

అంతే. నేను తర్వాత వారం రెక్క తగ్గించేదాన్ని. ఇంకోసారి రంగు ముదురైందనేవారు, లేతది వెతికేదాన్ని. తోక పొడుగంటే కత్తిరించేదాన్ని. పదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని, పరీక్ష ఫలితాలు చూసి సరుకు మార్చుకోవడం తప్ప నాకు వేరే బతుకు తెలియదు.

పోయిన వారం ప్యాకింగ్ మొదలుపెట్టాం. ఆయన స్వెటర్ల అర ఖాళీ చేస్తుంటే వెనకాల పాత పిప్పర్‌మెంట్ డబ్బాలు వరసగా కనిపించాయి. తెరిస్తే లోపల పలచగా దూది, దూది మీద నా ఈగలు. ఒక్కటి కాదు, అన్నీ. మొదటి చలికాలంవి, లావుగా వికారంగా ఉన్నవి, వాటి దగ్గర నుంచి మొన్న మార్చిలో కట్టినవాటి దాకా. నీళ్ళలోకి వెళ్ళొచ్చిన ఈక మళ్ళీ మొదటిలా నిలబడదు. ఇవన్నీ నేను వైస్‌లోంచి తీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఆయన పక్కగదిలో తువ్వాళ్ళు మడుస్తున్నారు. డబ్బా తీసుకెళ్ళి అడిగాను, ఏమండీ, ఇవి ఎప్పుడైనా నీళ్ళ మొహం చూశాయా అని. ఆ తువ్వాలు మడవడం పూర్తిచేసి, "లేదు" అన్నారు.

"మరి దేనితో పట్టారు?"

"షాపువాటితో."

"ఎందుకు?"

"పోతాయి నళినీ" అన్నారు. "చెట్టుకి తగులుకుంటే పోతుంది, రాతికింద ఇరుక్కుంటే పోతుంది, పెద్ద చేపయితే తెంపుకుపోతుంది. నువ్వు కూర్చుని కట్టినదాన్ని నేను ఎలా నీళ్ళపాలు చెయ్యను?"



గిరిజ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు. వద్దండీ. నాకు మనసు కరగలేదు, ఒళ్ళు మండింది. పదేళ్ళ డేటా అంతా కల్పితం! ఎవరో ఫ్యాక్టరీలో కట్టిన ఈగ రెక్క ఎక్కువైందని నేను నా ఈగ రెక్క తగ్గించాను. ఇలాంటి ల్యాబ్‌ని ఇన్‌స్పెక్టర్లు చూస్తే ఆ సాయంత్రానికే తాళం వేస్తారు. (నవ్వులు)

నవ్వకండి, మీ ఇళ్ళు నేనెరుగుదును. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తియ్యకుండా మూడు టీవీలు మార్చిన వాళ్ళున్నారు ఇక్కడ. గృహప్రవేశానికి వచ్చిన డిన్నర్ సెట్ అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్ళకి పేపర్ ప్లేట్లలో వడ్డిస్తాం. మంచి పట్టుచీర మంచి సందర్భం కోసం ఆగుతూ ఆగుతూ మడతల్లోనే చిరిగిపోతుంది. బాగున్నదాన్ని వాడకపోవడమే మనకి తెలిసిన మర్యాద. మావారు మనవాడే. నాకు ఆయన అలాగే మర్యాద చేశారు, అది తెలుస్తూనే ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నా గురించి అన్నవాటిలో అంత ప్రేమగల మాట ఇంకొకటి లేదు. అది కూడా తువ్వాళ్ళు మడుస్తూ అన్నారు. అయినా నాకు కోపం తగ్గలేదు.

ఎందుకంటే, వీరభద్రరావు గారూ, నేను ఇన్నేళ్ళుగా ఇచ్చిన దండల్లో ఒక్కదాన్నయినా మీరు, అయ్యో, వాడిపోతుందే అని రాముడి మెడలో వేయకుండా ఫ్రిజ్‌లో దాచారా? దేవుడి మెడలో ఒక పూట ఉంది, మర్నాడు చెత్తబుట్టలోకి వెళ్ళింది. నేను ఏనాడూ బాధపడలేదు. కట్టింది అందుకే. ఈగని కట్టింది పోవడానికే. కొమ్మకి వేలాడినా, రాతికింద చివికినా అది వెళ్ళవలసిన చోటికి వెళ్ళినట్టే. డబ్బాలో దూది మీద ఉంటే, నేను కట్టినవి ఈగలో కావో నాకు ఎవరు చెబుతారు? భాస్కర్ గారు చెప్పలేరు. మీరూ చెప్పలేరు. చేప ఒక్కటే చెప్పగలదు, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, ఎలాగూ వెళ్ళిపోతున్నాను కాబట్టి. నాకు భయంగా ఉంది. ఆయన అబద్ధం చెబుతున్నన్నాళ్ళూ నేను సుఖంగానే ఉన్నాను, నళిని కట్టిన ఈగకి తిరుగులేదని నదంతా చెప్పుకుంటోందనుకున్నాను. ప్లేనోలో ట్రౌట్ నదులు లేవు. చలికాలంలో చెరువుల్లో తెచ్చి వదులుతారట, ఆకలిమీద ఉన్న ఆ చేప దేన్నయినా నమ్ముతుంది, దాని సర్టిఫికెట్ నాకక్కర్లేదు. ఈ నదిలో పుట్టి పెరిగి పదిమందిని చూసిన చేప కావాలి. అందుకు మాకు మిగిలింది రేపు ఆదివారం ఒక్కటే.

ఏమండీ. అక్కడ స్తంభం వెనక దాక్కున్నా నాకు కనిపిస్తున్నారు. రేపు ఆ డబ్బాలు నదికి వెళ్ళాలి.

(భాస్కర్ గారు కూర్చునే ఏదో అన్నారు.)

రేపు గాలి ఎక్కువ ఉంటుందట. గాలికి చెట్లకి తగులుకుంటాయని ఆయన బాధ. తగులుకోనివ్వండి.

(మళ్ళీ ఏదో అన్నారు. చుట్టుపక్కల నవ్వులు)

ఒక్క డబ్బా తీసుకెళ్దాం అంటున్నారు. కుదరదు. అన్ని డబ్బాలూ తీసుకెళ్దాం. నేనూ వస్తున్నాను, గట్టు మీద నిలబడి నా కళ్ళతో చూస్తాను. చేప వచ్చి అందుకున్నా సరే, ఛీ అని తప్పుకున్నా సరే. ఏదైనా నిజంగా నాది అవుతుంది. ఏమండీ, ఇంక మీరు రెక్క ఎక్కువైంది, తోక పొడుగైంది అని నాకు చెప్పనక్కర్లేదు.

(భాస్కర్ గారు లేచి నిలబడి తల ఊపారు. చప్పట్లు)

మీరంతా ఆయనకి చప్పట్లు కొడుతున్నారు, కట్టింది నేను. పోనీలెండి. ఇన్నేళ్ళు నా చేతి దండల్ని మీ శుభకార్యాల్లో వేసుకున్నందుకు, వాడిపోయాక మొహమాటం లేకుండా పారేసినందుకు, ఇవాళ ఈ సాయంత్రం నా కోసం కేటాయించినందుకు మీ అందరికీ నా కృతజ్ఞతలు. మిమ్మల్ని వదిలి వెళ్ళడం నాకు కష్టంగానే ఉంది, దాన్ని ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

పదండి భాస్కర్ గారూ, త్వరగా పడుకోవాలి. రేపు పొద్దున మనం పోగొట్టుకోవలసినవి చాలా ఉన్నాయి.

సెలవు.